ఒకే కణంలో సగం గీతలూ, ఖాళీ షడ్భుజాలూ, నల్లచుక్క రేణువులూ: ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ బొమ్మలను ఎలా చదవాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ సందేహం ఇది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ సోకిన పంది మాక్రోఫేజ్‌ల (బయటివాటిని మింగేసే రక్షణ కణాల) ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు మీ చేతికి వచ్చాయి. కేంద్రకం పక్కనే ఒక చోట రకరకాల ఆకారాలు గుంపుగా ఉన్నాయి. కొన్ని ఆరు మూలలతో, నడుమ నల్లటి చుక్కతో ఉన్నాయి. కొన్ని అదే ఆకారంలో ఉన్నా లోపల ఖాళీ. కొన్ని సగం గీసి వదిలేసిన వంపుల్లా ఉన్నాయి. ఇవి వేర్వేరు రకాలా, పాడైన రేణువులా, ఎదుగుదలలో దశలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఈ వైరస్‌కి పొర ఒకటని ఒకచోట, రెండని ఇంకోచోట ఎందుకు రాశారన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: అవన్నీ ఒకే వైరస్ తయారీలో దశలు. వంపులు మొదలు, ఖాళీ షడ్భుజాలు మధ్య, నల్లచుక్క ఉన్నవి పూర్తయినవి. అయితే ఖాళీగా కనిపించే ప్రతిదీ సగంలో ఉన్నదే అనుకోవద్దు. వాటిలో చాలా భాగం నిండు రేణువులే అయ్యుండొచ్చు, దాని లెక్క కింద చెబుతాను. రెండోదానికి: కణం లోపల ఉన్న రేణువుకు కొవ్వు పొర ఒకటి, బయటికి వచ్చినదానికి రెండు. పాత రాతల్లో తేడా ఎక్కడ వచ్చిందో చివర్లో చూద్దాం.

నేను చాలాకాలంగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ విభాగంలోనే పనిచేస్తున్నాను. ఇక్కడికి వచ్చే పరిశోధక విద్యార్థుల్లో ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు నిర్మాణం, లోపలి నుంచి బయటికి. నట్టనడుమ న్యూక్లియాయిడ్ ఉంటుంది. సెక్షన్‌లో, అంటే పలచగా కోసిన ముక్కలో, కనిపించే నల్లచుక్క ఇదే, అడ్డం దాదాపు 80 నానోమీటర్లు. అందులో రెండు పోగుల డీఎన్‌ఏ బిగువుగా చుట్టుకుని ఉంటుంది. దాని పొడవు ఐసోలేట్‌ను (వేరుచేసి పెంచిన వైరస్ నమూనాను) బట్టి సుమారు 1,70,000 నుంచి 1,94,000 బేస్ జతల వరకు. డీఎన్‌ఏ కొసలు తెరుచుకుని ఉండవు, ఒక్కో కొసలో రెండు పోగులూ మడతపడి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఈ విషయంలో ఇది పాక్స్ వైరస్‌లకు దగ్గర. దాన్ని బిగించి ఉంచే ప్రొటీన్లలో ఏ104ఆర్ ఒకటి, అది బ్యాక్టీరియాల హిస్టోన్ తరహా ప్రొటీన్లను పోలి ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వంటి ఎంజైములను కూడా వైరస్ తన వెంటే తెచ్చుకుంటుంది. కణంలో దిగీ దిగగానే పని మొదలుపెట్టగలిగేది అందుకే.

న్యూక్లియాయిడ్ చుట్టూ మందమైన ప్రొటీన్ తొడుగు ఉంటుంది, దీన్ని కోర్ షెల్ అంటారు. పీపీ220, పీపీ62 అనే రెండు పొడుగాటి ప్రొటీన్లను వైరస్ సొంత ప్రొటియేజ్ (ప్రొటీన్లను కోసే ఎంజైము) ఎస్273ఆర్ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలతో కట్టినదే ఈ తొడుగు. పి150, పి37, పి34, పి14 మొదటిదాని నుంచి, పి35, పి15 రెండోదాని నుంచి వస్తాయి. దీనిపైన లోపలి కొవ్వు పొర. దానిపైన క్యాప్సిడ్, అంటే మీకు షడ్భుజంగా కనిపించే గట్టి పెంకు. రేణువు నిజానికి 20 ముఖాల ఘనాకృతి. దాన్ని పలచగా కోస్తే సాధారణంగా ఆరు మూలలు కనిపిస్తాయి.

క్యాప్సిడ్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి అంకెలు చక్కగా కుదురుతాయి. 2019లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో (నమూనాను గడ్డకట్టించి చూసే పద్ధతితో) దీని నిర్మాణాన్ని చాలా వివరంగా తేల్చారు. దాని టి సంఖ్య (పెంకులో పలకల అమరికను చెప్పే అంకె) 277. పెంకులో 2,760 పలకలుంటాయి, ఒక్కో పలక మూడు పి72 ప్రొటీన్లు కలిసి ఏర్పడింది. మొత్తం 8,280 పి72లు. 12 మూలల్లో మాత్రం ఐదేసి కాపీల వేరే ప్రొటీన్ కూర్చుంటుంది, అంటే మొత్తం 60. రేణువు బరువులో దాదాపు మూడో వంతు పి72దే. పలకలను లోపలివైపు నుంచి పట్టి ఉంచే చిన్న ప్రొటీన్లు వేరే ఉన్నాయి: పి17, పి49, హెచ్240ఆర్. ఎం1249ఎల్ అనే పొడుగాటి ప్రొటీన్ దూలంలా అడుగున పరుచుకుని ఉంటుంది. కోర్ షెల్ కూడా క్రమంగా అమరిన రెండో పెంకేనని, దాని టి సంఖ్య 19 అని 2020లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అన్నిటికన్నా బయట, కణం వదిలి వచ్చిన రేణువులకు మాత్రం ఇంకో కొవ్వు పొర. మొత్తం లెక్క ఐదు వరసలు.

కొలతల్లో తేడా చూసి కంగారు పడకండి. రెసిన్‌లో పోసి కోసిన సెక్షన్లలో రేణువు సుమారు 200 నానోమీటర్లు. క్రయోలో పెంకే దాదాపు 250, బయటి పొరతో కలిపి 260 నుంచి 300 దాకా వస్తుంది. రెసిన్‌లోకి పంపేముందు ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో నీళ్లన్నీ లాగేస్తాం, అప్పుడు అన్నీ కుంచించుకుపోతాయి. మీ బొమ్మలో 190 వచ్చిందని అది వేరే వైరస్ అయిపోదు.

ఇప్పుడు ‘ఖాళీ’ల లెక్క. సెక్షన్ మందం మామూలుగా 70 నానోమీటర్లు. రేణువు 200, చుక్క 80. పెద్ద బంతి నడుమ గోళీ పెట్టి, కళ్లు మూసుకుని ఎక్కడో ఒకచోట పలచగా కోశామనుకోండి, ప్రతి ముక్కలోనూ గోళీ దొరకదు కదా. రేణువును గోళంగా అనుకుని లెక్కకడదాం. సెక్షన్ నడిమి తలం రేణువు కేంద్రానికి 135 నానోమీటర్ల లోపు ఉంటే (100కి సెక్షన్ మందంలో సగం 35 కలిపితే) సెక్షన్‌లో రేణువు ముక్క ఎంతో కొంత పడుతుంది. చుక్క కనిపించాలంటే ఆ దూరం 75 లోపు ఉండాలి (40కి 35 కలిపితే). అంటే పూర్తయిన రేణువుల ముక్కల్లోనే వందకు 55 దాకా మాత్రమే చుక్కను తాకుతాయి, మిగతా 45 తాకవు.

అవి అంచు ముక్కలు, చిన్నగా ఉంటాయి, ఇట్టే పోల్చుకోవచ్చు అనుకుంటారేమో. అక్కడే అసలు ఇబ్బంది. సెక్షన్ చుక్కను వెంట్రుకవాసిలో తప్పించుకుని పక్కనుంచి పోయినా, ఆ ముక్క వెడల్పు 183 నానోమీటర్ల దాకా ఉంటుంది. పూర్తి సైజుకీ దానికీ కంటితో తేడా పట్టలేం. కాబట్టి సైజును కాకుండా లోపలి బూడిదరంగును చూడండి. నిజంగా సగంలో ఉన్న రేణువు లోపల తేలిగ్గా, చుట్టూ ఉన్న సైటోప్లాజం అంత పలచగానో ఇంకా తెల్లగానో ఉంటుంది. నిండు రేణువును పక్కగా కోసినప్పుడు కోర్ షెల్ ముక్క పడుతుంది కనుక లోపలంతా చిక్కటి బూడిదరంగు పరుచుకుని ఉంటుంది. మీ దగ్గర వరస సెక్షన్లుంటే ఇంకా మేలు. ఒకే రేణువును మూడు నాలుగు వరస సెక్షన్లలో వెతికితే తేలిపోతుంది.

ఇక ఎదుగుదల. వైరస్ మాక్రోఫేజ్‌లోకి క్లాత్రిన్ గుంటల (క్లాత్రిన్ అనే ప్రొటీన్ సాయంతో కణం పొర లోపలికి మడతపడే చోట్ల) ద్వారానో, కణం పెద్ద గుటక వేసినట్టు లోపలికి లాక్కోవడం ద్వారానో ప్రవేశిస్తుంది. రెండు దారులకూ రుజువులున్నాయి. తరవాత ఎండోసోముల్లో (కణం లోపలికి లాక్కున్నవాటిని ఉంచే పొర సంచుల్లో) ఆమ్లత పెరిగే కొద్దీ బయటి పెంకు ఊడిపోతుంది. ఆ దశలో దొరికిన సెక్షన్లు చూస్తే, ఎండోసోము లోపల పెంకు పోయి, లోపలి పొర మాత్రమే మిగిలిన నగ్నమైన కోర్‌లు కనిపిస్తాయి. ఆ పొర ఎండోసోము గోడతో కలిసిపోతేనే కోర్ సైటోప్లాజంలోకి జారుతుంది. దీనికి ఇ248ఆర్ అనే ప్రొటీన్ తప్పనిసరి. అది లేకుండా తయారైన రేణువులు మైక్రోస్కోప్‌లో ముచ్చటగా, ఏ లోపం లేనట్టు ఉంటాయి, కానీ అంటుకోలేవు, ఎండోసోములోనే ఆగిపోతాయి. అందుకే బొమ్మ చూసి ‘ఇది పనిచేసే వైరస్’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కోర్ దిగాక తొలి జన్యువుల పని వెంటనే మొదలవుతుంది. డీఎన్‌ఏ నకళ్లు తీయడం దాదాపు ఆరు గంటల తరవాత ఊపందుకుంటుంది. ప్రధానంగా ఇది సైటోప్లాజంలోనే, కేంద్రకం పక్కన, సూక్ష్మనాళికలు (కణంలో సరుకు మోసే సన్నని గొట్టాలు) కలిసే చోట జరుగుతుంది. తొలి గంటల్లో కేంద్రకంలోనూ కొంత జరుగుతుందని చూపిన పనులున్నాయి. కేంద్రకం పక్కనున్న ఈ చోటునే వైరస్ కర్మాగారం అంటాం. బొమ్మలో దీన్ని పట్టడం సులువు: మామూలు అవయవాలేవీ లేని ఖాళీ మైదానంలా ఉంటుంది, మైటోకాండ్రియాలు అంచుల వెంట గుమిగూడి ఉంటాయి, చుట్టూ వైమెంటిన్ పోగుల పంజరం. ముందు కర్మాగారం దొరకబుచ్చుకున్నాకే రేణువుల జోలికి వెళ్లండి.

మీరు ‘సగం గీతలు’ అన్నవి కర్మాగారంలో పుట్టే పొర ముక్కలు. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణంలోని పొర సంచుల వల) నుంచి వచ్చినవి. ఇక్కడ ఆగి ఒక్క వంపును బాగా పెద్దది చేసి చూడండి. పొర ఒక్కటే ఉన్నప్పుడు అది మెత్తగా, ఎటంటే అటు వంగి, కొసలు తెరుచుకుని ఉంటుంది. దాని ఉబ్బు వైపున పి72 పలకలు పరుచుకుంటూ వచ్చేసరికి గీత బిగుసుకుంటుంది, గుండ్రటి వంపు కాస్తా కోణాలుగా విరుగుతుంది. మూల తేలిందంటే పి72 చేరిందన్నమాట. అదే సమయంలో గుంట వైపున మసకగా, మందంగా ఇంకో పట్టీ కనిపిస్తుంది, అది కోర్ షెల్ కడుతున్న చోటు. పెంకూ తొడుగూ పొరకు చెరోవైపు దాదాపు జంటగా ఎదుగుతాయి. ఒక ముఖం, రెండు ముఖాలు, మూడు ముఖాలు ఉన్న ముక్కలు మీకు ఒకే ఫీల్డులో దొరుకుతాయి. వాటిని మూలల లెక్కన వరసగా పేర్చుకుంటే తయారీ క్రమం మీ కళ్లముందే ఉంటుంది.

పెంకు దాదాపు మూసుకున్నాక డీఎన్‌ఏ లోపలికి చేరుతుంది. చిక్కబడ్డ డీఎన్‌ఏ ముద్ద ఒక మూల దగ్గరి సన్నని సందులోంచి దూరుతున్నట్టు కనిపించే సెక్షన్లు 1990లలోనే వచ్చాయి. ఇలాంటి బొమ్మ దొరకడం అరుదు, దొరికితే దాచుకోండి. తరవాత పాలీప్రొటీన్లు (పైన చెప్పిన పీపీ220, పీపీ62) తెగడం, ముద్ద గట్టిపడటం, నల్లచుక్కగా నడుమకు చేరడం. అన్నీ కలిపి కొత్త రేణువులు సోకిన 16 గంటల తరవాత నుంచి ఒక రోజు లోపు బాగా కనిపిస్తాయి. కణరకాన్ని, ఐసోలేట్‌ను బట్టి ఇది కాస్త ముందువెనకలవుతుంది.

ఏ ప్రొటీన్ ఏ పని చేస్తుందో తెలిసింది చాలామటుకు ఒక్కోదాన్ని ఆపేసి సెక్షన్లు చూడటం వల్లే. పి72 లేకపోతే మూలలు రావు, పొరలు జిప్పర్ పళ్లలా కలిసి పొడుగ్గా చుట్టుకుపోతాయి. బి438ఎల్ లేకపోతే ఘనాకృతి బదులు గొట్టాలు వస్తాయి. పీపీ220 ఆగితే పెంకు మూసుకుంటుంది కానీ లోపల తొడుగూ ఉండదు, చుక్కా ఉండదు, ఇవి అసలు సిసలు ఖాళీ రేణువులు. ఇ120ఆర్ లేకపోతే రేణువులు నిండుగా తయారై కూడా కర్మాగారం వదిలి కదలవు, ఎందుకంటే సూక్ష్మనాళికల వెంట కణం అంచుకు వెళ్లడానికి ఆ ప్రొటీన్ కావాలి. మీ మూడో బొమ్మలో జిప్పర్ లాంటివి ఒకటి రెండు ఉన్నాయన్నారు. మామూలు వైరస్‌లో కూడా అక్కడక్కడా ఇలాంటి తప్పు కూర్పులు కనిపిస్తాయి. కణం నిండా అవే ఉంటే తప్ప ఆలోచించాల్సిన పనిలేదు.

కణం అంచుకు చేరిన రేణువు ప్లాస్మా పొరను తోసుకుంటూ, దాన్నే కప్పుకుని బయటపడుతుంది. బయటి పొర వచ్చేది ఇలా. దాని మీద సీడీ2వి అనే ప్రొటీన్ ఉంటుంది. సోకిన మాక్రోఫేజ్ చుట్టూ పంది ఎర్రరక్తకణాలు పువ్వు రేకుల్లా అతుక్కునేది దీనివల్లే. ఈ లక్షణాన్ని 1960లో మాల్మ్‌క్విస్ట్, హే వర్ణించారు, ఆ పరీక్ష ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఉంది. సీడీ2వి పాడైన ఐసోలేట్లు మాత్రం ఎర్రకణాలను పట్టవు. ఇంకో సంగతి: బయటి పొర లేకుండా, కణం చిట్లి బయటపడ్డ రేణువులు కూడా అంటుకోగలవు. ఒకే వైరస్‌కి బయటి ముఖాలు రెండు రకాలన్నమాట. యాంటీబాడీలు దీన్ని సరిగా అడ్డుకోలేకపోవడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు పొరల తగాదా. 1960లలో బ్రీస్, డీబోర్ వంటివారు తీసిన తొలి సెక్షన్ల నుంచీ ఆకారం తెలుసు. ఆకారం చూసే చాలాకాలం దీన్ని ఇరిడోవైరస్‌ల కుటుంబంలో కలిపేశారు, తరవాత జన్యువు వేరని తేలాక ఆస్ఫర్‌విరిడే అనే సొంత కుటుంబం వచ్చింది. లోపలి పొర విషయంలో 1998లో వచ్చిన రెండు అధ్యయనాలు ఒక మాట చెప్పాయి: ఎండోప్లాస్మిక్ రెటిక్యులం సంచి ఒకటి చదునుగా అణిగి, రేణువును చుట్టుకుంటుందని. సంచికి రెండు గోడలుంటాయి కనుక పొరలు రెండు. పాత పుస్తకాల్లో రెండు అని ఉండటానికి మూలం ఇదే. తరవాత మెరుగైన పద్ధతులతో, టోమోగ్రఫీతో (అనేక కోణాల బొమ్మలు కలిపి త్రిమితీయ రూపం కట్టే పద్ధతితో) చూసినప్పుడు రెండు గోడలు కనబడలేదు. 2015లో వచ్చిన పని ప్రకారం రెటిక్యులం పొర చిరిగి, కొసలు తెరిచి ఉన్న ఒంటి పొర ముక్కలుగా కర్మాగారంలోకి చేరుతుంది. క్రయో నిర్మాణాలు కూడా లోపల ఒకటే చూపించాయి. నా మట్టుకు నాకు ఈ విషయం తేలిపోయినట్టే. అయినా మామూలు రసాయన స్థిరీకరణతో చేసిన సెక్షన్లలో పెంకు గీతా పొర గీతా పక్కపక్కనే పడి రెండు పొరల్లా భ్రమ పెడతాయి. మీ బొమ్మలో రెండు గీతలు కనిపించాయంటే బయటిది పి72 పెంకు కావొచ్చు.

మాక్రోఫేజ్‌లతో వచ్చే ఒక చిక్కు. అవి పక్కన చచ్చిన కణాలను తినేస్తాయి, వాటితోపాటు వైరస్‌లనూ మింగేస్తాయి. కాబట్టి రేణువు కనిపించినంత మాత్రాన అది ఆ కణంలోనే పుట్టిందని అనుకోకూడదు. రేణువు చుట్టూ ఖాళీ జాగా, దాని చుట్టూ పొర గోడ ఉంటే అది మింగినది. సైటోప్లాజంలో నేరుగా, కర్మాగారం లోపల ఉంటే అక్కడే తయారైనది. మీ రెండో బొమ్మలో కుడివైపు మూల గుంపు ఉందన్నారే, దాన్ని ఈ కొలతతో ఒకసారి చూడండి.

పందుల్లో వచ్చే ఇతర వైరస్‌లతో దీన్ని పొరబడే అవకాశం తక్కువ. క్లాసికల్ స్వైన్ ఫీవర్ పేరులో, రోగ లక్షణాల్లో దగ్గరగా ఉన్నా 40 నుంచి 60 నానోమీటర్ల చిన్న ఆర్‌ఎన్‌ఏ వైరస్, సెక్షన్లలో దొరకడమే కష్టం. సూడోరేబిస్ క్యాప్సిడ్‌లు కేంద్రకంలో కనిపిస్తాయి. సర్కోవైరస్ 17 నానోమీటర్ల చుక్క. పంది పాక్స్ వైరస్ కూడా సైటోప్లాజంలోనే కర్మాగారం పెడుతుంది, పొర వంపులు కూడా పోలి ఉంటాయి, కానీ పూర్తయిన రేణువు ఇటుక ఆకారంలో ఉంటుంది, షడ్భుజం రాదు.

రోగనిర్ధారణకు ఈ బొమ్మలు సరిపోతాయా అని కూడా అడిగారు. సరిపోవు, ఆ పని పి72 జన్యువును వెతికే పీసీఆర్‌ది. ఇది మనుషులకు సోకదు, కానీ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థకు తెలియజేయాల్సిన రోగాల జాబితాలో ఉంది. కాబట్టి బతికున్న వైరస్‌తో పని అనుమతి ఉన్న ఉన్నత భద్రత ప్రయోగశాలలోనే. గ్లూటరాల్డిహైడ్‌తో స్థిరపరిచిన నమూనాను కూడా, వైరస్ చచ్చిందని అక్కడివారు పరీక్షించి రాతపూర్వకంగా ఇచ్చాకే మేం తీసుకుంటాం.

తరవాతి విడతకు నా సలహా. కణాలన్నిటికీ ఒకేసారి సోకేలా వైరస్ మోతాదు ఎక్కువగా వేయండి, లేకపోతే ఒక్కో కణం ఒక్కో గంటలో ఉంటుంది, దశల వరస తేలదు. 4, 8, 12, 16, 24 గంటలకు నమూనాలు ఆపండి. లెక్కపెట్టేటప్పుడు మూలలు పదునుగా, పొర గీత స్పష్టంగా ఉన్న రేణువులనే తీసుకోండి. మసకగా ఉన్నవి ఏటవాలుగా తెగినవి, వాటిని వదిలేయండి. వీలైతే బంగారు కణికలు తగిలించిన యాంటీబాడీలతో రెండు గ్రిడ్‌లు చేయించండి, ఒకటి పి72కి, ఒకటి పి150కి. కణికలు మొదటిదానిలో పెంకు గీత మీద, రెండోదానిలో దాని లోపలి పట్టీలో పడాలి. చుక్క లేని రేణువులో పి150 కణికలు ఉంటే దానికి తొడుగు ఉందని తేలిపోతుంది. అది డీఎన్‌ఏ ఇంకా చేరనిదా, పక్కగా తెగిన నిండు రేణువా అన్నది మాత్రం వరస సెక్షన్లలోనే తెలుస్తుంది.